జమ్మికుంట నుంచి రోజూ రైలా, హన్మకొండలో హాస్టలా?

జమ్మికుంట నాన్న: మా పాపకు హన్మకొండలో ఇంజినీరింగ్ (ఈసీఈ) సీటు వచ్చింది. రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి ఫీజు టెన్షన్ లేదు, కానీ హాస్టల్ ఖర్చు మనదే. హన్మకొండకు దిగేది కాజీపేటలో. మాకు, కాజీపేటకు మధ్య హసన్‌పర్తి రోడ్డు, ఉప్పల్ స్టేషన్లే. పొద్దున భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో పోయి, సాయంత్రం అదే తిరుగు బండికి రావచ్చని నా ఆలోచన. తెలిసినవాళ్లు చెప్పండి.

పెద్దపల్లి పాసింజర్: నిశ్చింతగా పంపండి అన్నా. నేను నాలుగేళ్లు సీజన్ టికెట్ మీదే తిరిగాను. ఇంటర్నల్స్ ముందు రోజు సగం సిలబస్ బండిలోనే అయ్యేది. పొద్దున అమ్మ కట్టిచ్చిన టిఫిన్, రాత్రి ఇంటి అన్నం. హాస్టల్ నీళ్ల పప్పు తిని మా క్లాసువాళ్లు చిక్కి సగమయ్యారు.

కాటారం అక్క: బండి కాజీపేట స్టేషన్ బయట, ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిన రోజుల సంగతి కూడా చెప్పండి. జంక్షన్ కదా, లైన్ ఖాళీ అయ్యేదాకా కదలదు. దిగాక హన్మకొండకు ఆటో. మొదటి పీరియడ్ పోయినట్టే. హాజరు 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ కూడా ఆగుతుంది.

పెద్దపల్లి పాసింజర్: నాకు ఒక్క సెమిస్టర్‌లోనూ 75 తగ్గలేదు. ఔటర్‌లో పది నిమిషాలు ఆగితే ఏమవుతుంది?

కాటారం అక్క: పది నిమిషాలా? మా బెంచీ అమ్మాయి రామగుండం నుంచి వచ్చేది. బండి లేటై ల్యాబ్ ఎగ్జామ్ సగంలో చేరింది.

పెద్దపల్లి పాసింజర్: ఒకరికి ఒకసారి జరిగితే రైల్వే అంతా తప్పా?

ఎనుమాముల: అసలు కాలేజీ ఎన్ని గంటలకో ఎవరూ అడగలేదు.

పాత బాకీ: రీయింబర్స్‌మెంట్ ఉందని ధీమాగా ఉండకండి. సర్కారు నుంచి డబ్బు రాలేదని మా కాలేజీ నా సర్టిఫికెట్లు ఆపింది. నాన్న అప్పు తెచ్చి కట్టాకే ఇచ్చారు. ఆ ఆలస్యంలో వచ్చిన ఉద్యోగం చేజారింది. హాస్టల్ కన్నా ముందు దీని గురించి ఆలోచించండి.

పెద్దపల్లి పాసింజర్: అందుకే అంటున్నా, ఆ హాస్టల్ డబ్బు దాచుకోండి. అక్కకు డబ్బున్న ఇల్లేమో, మాకు లేదు.

కాటారం అక్క: డబ్బున్న ఇల్లా? మా నాన్న పత్తి అమ్మిన డబ్బుతో మెస్ బిల్లు కట్టేవాడు. మొదటి నెలంతా ఏడ్చాను. జ్వరమొస్తే రూమ్మేటే ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లి రాత్రంతా పక్కన కూర్చుంది. రెండో ఏడాదికి బ్యాంకు, ఆఫీసు, డాక్టరు, ఏ పనికైనా ఒక్కదాన్నే పోగలిగాను. ఈ ధైర్యం మీ టిఫిన్ డబ్బాలో రాదు. జమ్మికుంట అన్నా, ఒక్క మాట అడుగుతా. అబ్బాయైతే ఇదే ప్రశ్న పెట్టేవారా?

జమ్మికుంట నాన్న: నిజం చెబుతున్నా. కొడుకు హైదరాబాద్‌లో రూం తీసుకుని చదివాడు. అప్పుడు ఎవరినీ అడగలేదు. పాప దగ్గరికొచ్చేసరికి భయమవుతోంది. రాత్రి ఇంట్లో కనిపించకపోతే నాకు నిద్ర పట్టదు. ఖర్చు సంగతి ముందు చెప్పాను గానీ, అసలు విషయం ఇదే.

పెద్దపల్లి పాసింజర్: ఆ భయంలో తప్పేముంది? తండ్రి కదా.

కాటారం అక్క: భయం తప్పని నేననలేదు తమ్మీ. దాన్ని రైలు టైమింగుల వెనక దాచొద్దంటున్నా. పొద్దున చీకటితో లేచి, రాత్రి తిరిగొచ్చే పిల్లకు స్నేహితులతో కూర్చుని చదివే టైం ఎప్పుడు దొరుకుతుంది? పాపను అడిగారా?

జమ్మికుంట నాన్న: అడగలేదు.

జమ్మికుంట నాన్న: రాత్రి అడిగాను. "నువ్వు సరే అంటావనుకోలేదు నాన్నా, అందుకే చెప్పలేదు" అంది. సోమవారం ఇద్దరం హాస్టల్ చూడటానికి పోతున్నాం. వార్డెన్‌ను ఏమేం అడగాలో చెప్పు చెల్లె.

కాటారం అక్క: రాత్రి జ్వరమొస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారో ముందు అడగండి అన్నా. నీళ్లు, గేటు టైం ఆ తర్వాత. అక్కడుండే పిల్లలతో పాపను విడిగా మాట్లాడనివ్వండి, మీరు బయట నిలబడండి.

పెద్దపల్లి పాసింజర్: మెస్‌లో ఒక పూట తిని చూడండి. సీజన్ టికెట్ ధర కూడా కనుక్కోండి.