ఫెరిటిన్ తగ్గట్లేదు, జీన్ టెస్ట్ నార్మల్: ముందు ఎమ్మారైయా, రక్తం తీయించడమా?

నాకు 46 ఏళ్లు, మగవాణ్ణి. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 860 వచ్చింది, రక్తంలో ఐరన్ మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 62 శాతం, రెండూ ఎక్కువే. పరగడుపున ఇచ్చిన శాంపిలే. హిమోగ్లోబిన్ 14.8. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నా ఫెరిటిన్ పెరుగుతుందంటారు కదా, ఆ వాపును చూపే సీఆర్‌పీ నార్మల్‌గానే ఉంది. లివర్ ఎంజైమ్‌లలో ఏఎల్‌టీ మాత్రం కాస్త ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో ఫ్యాటీ లివర్ కనిపించలేదు. షుగర్ లేదు, మందు అలవాటు లేదు, ఎప్పుడూ రక్తం ఎక్కించుకోలేదు.

లక్షణాలంటే, విపరీతమైన నీరసం. రెండు చేతుల్లోనూ చూపుడువేలు, మధ్యవేలు మొదట్లో ఉండే కణుపులు పొద్దున పూట బాగా నొప్పి. మిగతా వేళ్లకు ఏమీ లేదు, అదే విచిత్రం. కీళ్లవాతం కోసం చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ టెస్ట్ నెగెటివ్.

ఐరన్ ఉన్న మల్టీవిటమిన్, విటమిన్ సి మాత్రలు పూర్తిగా మానేశాను. మూడు నెలల తర్వాత చూస్తే ఫెరిటిన్ 905. ఒంట్లో ఐరన్ పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు కోసం చేసే హెచ్ఎఫ్ఈ జీన్ టెస్ట్‌లో సీ282వై, హెచ్63డీ అనే జీన్ మార్పులు రెండూ లేవు. దాంతో టెన్షన్ తగ్గాల్సింది పోయి పెరిగింది, ఎందుకంటే ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్తున్నారు. ఒకరు ఐరన్ తగ్గడానికి వెంటనే రక్తం తీయించడం మొదలుపెట్టమంటున్నారు. ఇంకొకరు ముందు ఎమ్మారైతో లివర్‌లో ఐరన్ ఎంతుందో కొలవమంటున్నారు.

జీన్ టెస్ట్ నెగెటివ్ వచ్చి, శాచురేషన్ ఇలా ఎక్కువగా ఉన్నవాళ్లకు మీ డాక్టర్లు ముందు ఏది చేయించారు?