బనియన్ ఆపరేషన్ తర్వాత బొటనవేలు అవతలికి తిరిగిపోతోంది: ఏ సర్జరీ నిలుస్తుంది?

అమ్మకి 54 ఏళ్లు, షుగర్ లేదు. కుడికాలి బనియన్ (బొటనవేలు రెండో వేలివైపు వంగి, దాని మొదట్లో ఎముక ఉబ్బడం) ఆపరేషన్ అయి 14 వారాలు. ఎముక కోసి సరిచేసి రెండు స్క్రూలు వేశారు, రెండో వేలివైపున్న బిగువు కణజాలాన్ని వదులు చేశారు. ఆ వదులు కాస్త ఎక్కువైనట్టుంది. ఆరో వారంలో కట్టు విప్పినప్పటి నుంచి బొటనవేలు రెండో వేలికి దూరంగా, ఎడమకాలి వైపు జరుగుతోంది. హాలక్స్ వేరస్ అన్నారు.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో బొటనవేలి కోణం (మైనస్ అంటే రెండో వేలికి దూరంగా తిరిగినట్టు) 8వ వారంలో మైనస్ 6 డిగ్రీలు, ఇప్పుడు మైనస్ 11. ఎముక అతుక్కుంది, కీలు అరగలేదు. చేత్తో నెడితే వేలు తిన్నగా వస్తుంది, వదలగానే మళ్లీ పక్కకే. నొప్పి తక్కువే గానీ బూటు ఒరుసుకుని గోరు పక్కన పుండు పడుతోంది.

ఆరు వారాలుగా బొటనవేలిని రెండో వేలికి లాగి టేపు వేస్తున్నాం, ముందు వెడల్పున్న బూట్లే వాడుతోంది. వైజాగ్ ఉక్కకి ఏ టేపైనా సాయంత్రానికి జారిపోతోంది. వేళ్ల మధ్య సిలికాన్ స్పేసర్ నాలుగు రోజులు పెట్టి తీసేశాం. అది బనియన్‌కి సరే, ఇక్కడ వేలిని ఇంకా దూరం నెడుతుంది.

ఒక డాక్టరు టెండన్ ట్రాన్స్‌ఫర్ (స్నాయువును దారి మార్చి వేలిని లాగి పట్టేలా కుట్టడం) అంటున్నారు, ఇంకొకరు సూచర్ బటన్ (గట్టి దారం, చిన్న బటన్లతో వేలిని లాగి పట్టి ఉంచడం). కీలు బాగుంది కాబట్టి ఫ్యూజన్ (కీలును కదలకుండా అతికించేయడం) ఇప్పుడే వద్దని ఇద్దరి మాటా.

వేలు ఇంకా చేత్తో తిన్నగా వచ్చే దశలో ఈ రెండింట్లో ఏది చేయించుకుంటే, ఏడాది దాటాక కూడా మళ్లీ తిరగకుండా నిలిచింది?