ఏ చెట్టు ఏ చీమదో తేల్చేది పోరేనా?

నూజివీడు తోట:
ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలతోనే పెరిగాను. మా తోటలో కొమ్మలు కలిసిన నాలుగైదు చెట్లు ఒక దండువి, ఆ పక్కవి ఇంకో దండువి. పోయిన వేసవిలో కాపలావాళ్లు రెండు దండుల చెట్లకూ కలిపి బట్టలారేసే తాడు కట్టారు. గంట తిరక్కుండానే తాడంతా పోరు. ఒక్కో చీమను నాలుగైదు పట్టుకుని కాళ్లు తలో దిక్కుకూ లాగేశాయి. సాయంత్రానికి కింద నేలంతా చచ్చిన చీమలే. ఈ చెట్ల మీద తోక పైకెత్తి నడిచే నల్ల చీమ ఒక్కటీ కనబడదు. 1973లో పురుగుల శాస్త్రవేత్త డెన్నిస్ లెస్టన్ ఘనా కోకో తోటల గురించి రాసిందీ ఇదే: మొజాయిక్ గచ్చులో రాళ్లలా చెట్లను చీమ జాతులు పంచుకుంటాయని. అడవిలోనూ పోటీయే ఈ వాటాలు వేస్తుందని నా నమ్మకం.

కొండదారి:
తోట అడవి కాదండీ. బోర్నియోలో కినబాలు కొండ దగ్గర ఫ్లోరెన్, లిన్సెన్‌మైర్ అనే పరిశోధకులు చెట్లకు మందు పొగ పట్టి, రాలిన చీమలను లెక్కపెట్టారు. 2000లో అచ్చయ్యింది. మనిషి చెయ్యిపడని అడవిలో ఆ గచ్చు నమూనా లేనేలేదు, జాతులు ఎలా పడితే అలా కలిసున్నాయి. ఒకటి రెండు జాతుల పెత్తనం కనబడింది నరికేశాక మళ్లీ పెరిగిన అడవుల్లోనే. మీ నల్ల చీమ రాకపోవడానికి ఆ చెట్లలో దానికి కావలసిన ఎండుకొమ్మ తొర్ర లేకపోవడమూ కారణం కావచ్చు కదా?

నూజివీడు తోట:
పొగకు రాలినవే లెక్కకొస్తాయి, గూట్లో ఉన్నవి రావు. పైగా సరిహద్దు నా ఊహ కాదు. ఆఫ్రికాలోని ఇదే కోవ చీమలు తమ చెట్ల మీద చుక్కలు విడిచి దండు వాసన వేసుకుంటాయని 1977లో హోల్డోబ్లర్, విల్సన్ చూపించారు. మన జాతిలోనైతే సరిహద్దు గూళ్లలో ముసలి చీమలే కాపలా ఉంటాయి.

పురుగుల అక్క:
తమ్ముడూ, సరిహద్దు నిజమే, ఎవరూ కాదనరు. కానీ తాడు మీద కొట్టుకున్నవి రెండూ ఒకే జాతి. అది దాయాదుల పోరు. ఆస్ట్రేలియాలో ఈ చీమల మీదే 2010లో వచ్చిన పరిశోధనలో, దూరపు దండు చీమ కంటే పక్క దండు చీమ మీదే ఎక్కువ కసి చూపాయి. అచ్చం గట్టు తగాదా. దాన్ని చూపించి వేరే జాతులను కూడా ఇదే తరిమేసిందంటే ఒప్పుకోను. తరిమిందో లేదో తెలియాలంటే పెత్తందారును తీసేసి చూడాలి. సిడ్నీ దగ్గర గిబ్, హోచూలి అనే పరిశోధకులు, అక్కడ పెత్తనం చేసే మాంసం చీమల (meat ants) పుట్టలను మూసేసి చూశారు. వాటికి దగ్గరి పోలికున్న జాతులు పుంజుకున్నాయి గానీ, మొత్తం జాతుల లెక్క పెద్దగా మారలేదు. పోటీ ఉంది, అయితే దాని దెబ్బ తనలాంటి వాళ్ల మీదే. నాకు ఇదే సబబుగా తోస్తోంది.

నూజివీడు తోట:
ఒకే జాతి అన్న మాట నాకు తట్టలేదక్కా. ఈసారి మూడు చెట్ల మీద గూళ్లు దించేసి, ఇంకో మూడు అలాగే ఉంచి లెక్క రాస్తాను.

పురుగుల అక్క:
పూత రాకముందే దించు. పక్క చెట్టు కొమ్మ తగలకుండా కత్తిరించు, లేకపోతే అదే దండు తిరిగొచ్చేస్తుంది. లెక్కకు చీమలను రప్పించే ఎరగా బెల్లం ఒక్కటే పెట్టకు, ఎండుచేప ముక్క కూడా పెట్టు. కొన్ని తీపికి రావు.