టేకాఫ్‌లోనే ఒరిగిపోయిన మందు పిచికారీ హెలికాప్టర్: అసలు కారణం ఎలా తేలుస్తారు?

అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతపు బాదం తోటల్లో పనిచేస్తున్న మా తమ్ముడి కళ్లెదుటే ఇటీవల మందు పిచికారీ చేసే చిన్న హెలికాప్టర్ ఒకటి, లారీపై అమర్చిన వేదిక మీద మందు నింపుకొని పైకి లేస్తుండగా పక్కకు ఒరిగి కింద పడింది. పైలట్ ప్రాణాలతో బయటపడ్డారు. అదే మాకు పెద్ద ఊరట.

ఇంజిను ఆపకుండానే మందు నింపడం ఈ పనిలో మామూలేనని, హెలికాప్టర్ నిలబడే స్కిడ్లలో ఒకటి దేనికైనా చిక్కుకుంటే అదే ఇరుసుగా మారి, పైకి లేపవలసిన రెక్కల బలమే యంత్రాన్ని బోర్లా పడవేస్తుందని, దీనిని డైనమిక్ రోల్‌ఓవర్ అంటారని చదివాను. ఒక హద్దు దాటి ఒరిగాక పైలట్ తన నియంత్రణ కర్రను (కంట్రోల్ స్టిక్) ఎదురుదిక్కుకు తిప్పినా ఫలితం ఉండదట. ఆ రోజు మందు గొట్టం విడదీసింది తమ్ముడే కావడంతో, పొరపాటు తనదేమోనని నిద్రాహారాలు మానేశాడు.

గొట్టం పూర్తిగా విడిపోలేదా, స్కిడ్ వేదిక అంచుకు తగులుకుందా, లేక బరువు ఎక్కువై, ఎండవేడిలో ఇంజిను శక్తి చాలలేదా అన్నది దర్యాప్తు అధికారులు శకలాలను బట్టి ఎలా నిర్ధారిస్తారు? జాతీయ రవాణా భద్రతా బోర్డు వారు వాంగ్మూలం అడిగితే, ముందుగా న్యాయవాదిని సంప్రదించడం అవసరమా? ఈ రంగంలో, ముఖ్యంగా కింద ఉండి మందు నింపే సిబ్బందిగా పనిచేసినవారు దయచేసి తెలియజేయగలరు.