ఫ్రీలెన్సింగ్: లెన్సు ఊడదీసి చేత్తో పట్టుకుని తీసేవాళ్లు ఇటు రండి

మసకచూపు
50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు, కెనాన్ ఈఎఫ్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా). లెన్సు ఊడదీసి, చేత్తో కాస్త వంచి పట్టుకుని తీస్తున్నాను. పువ్వు బాగానే వస్తోంది కానీ గది అవతల ఉన్న మనిషి ఎంతకీ ఫోకస్‌లోకి రావడం లేదు. కొన్ని ఫ్రేములు తెల్లగా వెలిసిపోతున్నాయి. తప్పెక్కడ?

మిల్లీమీటరు
లెక్క చూడండి. ఫోకస్ రింగు ఇన్‌ఫినిటీ (అతి దూరం) మీద ఉన్నా, 50 లెన్సు మౌంటు (కెమెరాకి లెన్సు బిగించే చోటు) నుంచి 1 మి.మీ. ముందుకొస్తే ఫోకస్ సుమారు రెండున్నర మీటర్ల దగ్గర పడుతుంది. 2 మి.మీ. అయితే 1.3 మీటర్లు, 5 అయితే 55 సెం.మీ., 10 అయితే 30 సెం.మీ. ఇక వంపు సంగతి. ఒక అంచు మౌంటుకి ఆనించి 5 డిగ్రీలు వంచితే అవతలి అంచు అయిదారు మి.మీ. లేస్తుంది, లెన్సు మధ్యభాగం అందులో సగం లేస్తుంది. అంటే ఫోకస్ మీటరు దగ్గరికి వచ్చేసినట్టే. మనిషి దొరకకపోవడానికి కారణం ఇదే. రింగు ఇన్‌ఫినిటీకి తిప్పి, వంపు రెండు డిగ్రీలకు తగ్గించండి. కంటికి వంచినట్టే కనబడదు, అయినా చాలు.

దూరపు వస్తువులూ స్పష్టంగా కావాల్సిందే అంటే నికాన్ ఎఫ్ మౌంటు లెన్సు వాడండి. దాని ఫ్లాంజ్ దూరం (మౌంటు నుంచి సెన్సర్ దాకా ఉండే దూరం) 46.5 మి.మీ., మీ కెమెరా బాడీది 44. ఆ రెండున్నర మి.మీ. వెసులుబాటు 5 డిగ్రీల వంపుకి దాదాపు సరిపోతుంది.

పాతగాజు
మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) అయితే ఈ గొడవే లేదు. సోనీ 'E' మౌంటు ఫ్లాంజ్ దూరం 18 మి.మీ. మాత్రమే, పాత నికాన్ లెన్సుని మౌంటుకి 28.5 మి.మీ. దూరంలో పట్టుకుంటేనే ఇన్‌ఫినిటీ. కాకపోతే లెన్సుకీ బాడీకీ మధ్య సందు పెద్దది, వెలుతురు వరదలా వస్తుంది. నల్లటి గుడ్డతో గొట్టంలా చుట్టాలి. మెనూలో లెన్సు లేకుండా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేయడం మరిచిపోకండి.

లెన్సు ఎంపికలో ఇంకో మెలిక ఉంది. అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) రింగు లేని నికాన్ జీ లెన్సుల్లో, ఊడదీయగానే ఆ రంధ్రం బాగా చిన్నదైపోతుంది. వెనకున్న చిన్న లీవరును మడిచిన కాగితంతో తెరిచి ఉంచాలి. కాగితం ముక్క లోపల పడకుండా చూసుకోండి. రింగున్నవైతే ఎఫ్ 1.8కి తిప్పేస్తే సరి. కెనాన్ ఈఎఫ్ మామూలుగా తెరిచే ఉంటుంది. ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారు) రకాల్లో ఫోకస్ రింగు కరెంటుతో పనిచేస్తుంది కాబట్టి ఊడదీశాక తిప్పినా కదలదు, ముందే ఇన్‌ఫినిటీకి పెట్టుకోవాలి.

వెలుగుచార
తెల్లబడటం సందులోంచి జొరబడే వెలుతురు వల్లే. లెన్సు తగిలించి ఉండగానే మాన్యువల్‌లో ఎక్స్‌పోజర్ కుదుర్చుకుని, ఊడదీశాక ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించండి. చూపుడువేలు, బొటనవేలు సందు చుట్టూ అడ్డం పెట్టి, వెలుతురు కావాలనుకున్న వైపు మాత్రమే వదలండి. కిటికీ పక్కనుంటే లేత చార వస్తుంది, వేళ్ల మీద పడి వచ్చే వెలుతురు ఎర్రగా ఉంటుంది. షట్టర్ 1/250 సెకను కంటే నెమ్మదిగా వద్దు, చెయ్యి కదిలితే బొమ్మతో పాటు ఫోకసూ జారుతుంది. రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయని ఫైలు), వరసగా అయిదారు ఫ్రేముల బర్స్ట్ తీయండి.

మసకచూపు
ఏ వైపు వంచితే ఏది స్పష్టంగా వస్తుందో అంతుపట్టడం లేదండీ.

మిల్లీమీటరు
లెన్సు ముఖం ఎడమకి తిరిగితే ఎడమ వైపు దగ్గరి వస్తువులు, కుడి వైపు దూరపువి ఒకేసారి స్పష్టమవుతాయి. కిందికి వంచితే నేల మీద దగ్గర నుంచి దూరం దాకా పదునుగా వస్తుంది. సెన్సర్ తలం, లెన్సు తలం, ఫోకస్ తలం మూడూ ఒకే గీత దగ్గర కలుస్తాయి, షైమ్‌ఫ్లుగ్ సూత్రం అంటారు. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెద్దది చేసి చూస్తూ నెమ్మదిగా వంచండి.

పాతగాజు
డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సుని లోపలికి నొక్కకండి, అద్దం లేచేటప్పుడు వెనక గాజుకి కొట్టుకుంటుంది. ఎండలో సూర్యుడి వైపు అసలే వద్దు. దుమ్ము పడిందో లేదో చూడాలంటే లెన్సు తగిలించి ఎఫ్ 16లో, ఫోకస్ తప్పించి తెల్లగోడ తీయండి. నల్లచుక్కలు కనబడితే బాడీని బోర్లా పట్టి చేతి బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తుంపర పడి పని రెట్టింపవుతుంది.