300 మీటర్లు దాటితే ఏ తూటా? .308 ఆ, 6.5 క్రీడ్‌మోర్ ఆ, ఇంకేదైనానా?

పటమట_ప్రోన్
అందరికీ నమస్కారం. 50 మీటర్ల ప్రోన్‌లో (బోర్లా పడుకుని) .22 రైఫిల్ కొడుతున్నాను, స్కోర్లు పర్వాలేదు. ఇప్పుడు బిగ్ బోర్‌లోకి, అంటే పెద్ద తూటా రైఫిల్లోకి, వెళ్దామని ఉంది. ముందు 300 మీటర్లు, ఎప్పటికైనా వెయ్యి గజాలు. మా పెదనాన్న కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, శనివారం వస్తే రేంజ్‌లోనే మకాం. "6.5 క్రీడ్‌మోర్ తీసుకో, .308 ముసలోళ్ల తూటా" అని ఫోన్‌లో ఊదరగొడుతున్నాడు. ఇక్కడ సీనియర్లేమో .308 తప్ప ఇంకో మాట ఎత్తరు. మీరైతే ఏది తీసుకుంటారు? ఎందుకో కూడా చెప్పండి, "నా అనుభవం" అని తేల్చేయకండి.

గాలిలెక్క (గుంటూరు)
మీ అన్న చెప్పింది నిజం. .308లో 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు, పౌడర్ బరువు కొలత) మ్యాచ్ గుండు సెకనుకు 2600 అడుగుల వేగంతో బయల్దేరిందనుకోండి. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి ఉంటే వెయ్యి గజాల దగ్గర అది దాదాపు ఎనిమిది అడుగులు పక్కకు పోతుంది. 6.5 క్రీడ్‌మోర్‌లో 140 గ్రెయిన్ల గుండు 2700తో వెళ్తే అదే గాలికి ఆరడుగులు. అంటే గాలిని తప్పుగా అంచనా వేసినప్పుడు పడే శిక్ష కూడా నాలుగో వంతు తగ్గినట్టే. పైగా .308 గుండు వెయ్యి గజాలకు చేరేసరికి దాని వేగం ధ్వని వేగం దగ్గరికి పడిపోతుంది, అక్కడ గుండు తడబడుతుంది. 6.5కి ఆ గండం ఇంకా అవతల ఎక్కడో.

అమెరికా తూటాల కంపెనీ హార్నడీ వాళ్లు 2007లో దీన్ని తెచ్చిందే పోటీల కోసం. కేసు (పౌడర్ పోసే ఇత్తడి గొట్టం) పొడవు తగ్గించి, ఆ మిగిలిన చోట్లో పొడవాటి సన్నటి గుండు మ్యాగజైన్‌లో పట్టేలా చేశారు. 1952లో వచ్చిన .308ని గీసినప్పుడు ఇలాంటి గుండ్లు ఎవరి ఆలోచనలోనూ లేవు. ఇందులో చర్చ ఏముందో నాకు అర్థం కాదు.

రిటైర్డ్_సుబేదార్
లెక్క బాగానే ఉంది బాబూ. బ్యారెల్ సంగతి కూడా చెప్పు మరి. .308 బ్యారెల్ ఐదు వేల రౌండ్లు సులువుగా లాగుతుంది. 6.5కి రెండు మూడు వేలు దాటితే చాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందు, బ్యారెల్ లోపలి గాళ్లు మొదలయ్యే చోట స్టీలు కాలిపోయి పగుళ్లు పడుతుంది. సన్నటి గొట్టంలోంచి అంత మంట పోవాలంటే అంతే మరి. టెక్సాస్‌లో అయితే తుపాకీ మిస్త్రీకి ఫోన్ చేస్తే కొత్త బ్యారెల్ బిగిస్తాడు. బెజవాడలో ఎవరు బిగిస్తారు? దిగుమతి కాగితాలు పట్టుకుని నువ్వు తిరగాలి, సీజన్ అయిపోతుంది.

ఎఫ్-క్లాస్‌లో (రైఫిల్‌కి ఆసరా పెట్టి, స్కోపుతో కొట్టే దూరపు పోటీ) ఎఫ్-టీఆర్ విభాగానికి .308, .223 మాత్రమే అని ఎందుకు పెట్టారో ఆలోచించు. అందరి చేతిలో ఒకే తూటా ఉంటే గెలిచేది గాలి చదవగలిగినవాడు. ఈ అబ్బాయి నేర్చుకోవాల్సింది అదే.

గాలిలెక్క (గుంటూరు)
సుబేదార్ గారూ, ఎఫ్-టీఆర్‌లో రూల్ ఉంది కాబట్టి .308 కొడుతున్నారు. రూల్ లేని ఎఫ్-ఓపెన్‌లో, 8 మి.మీ. దాకా ఏ క్యాలిబరైనా పర్లేదన్న చోట, గెలవడానికి .308 ఎవరు తెస్తున్నారండీ?

కాగితాల_కామేశం
మీ ఇద్దరి గొడవ బాగుంది గానీ, ఈ తమ్ముడు ఉండేది పటమటలో. .308 వించెస్టర్ చాంబర్‌లో సైన్యం వాడే 7.62 తూటా పడుతుంది. మన ఆయుధ నిబంధనల షెడ్యూల్ ప్రకారం .303, 7.62 సర్వీసు తూటా పట్టే రైఫిల్ నిషిద్ధ బోర్. మామూలు లైసెన్సు మీద అది రాదు, ఫైలు ఢిల్లీ వెళ్లాలి. క్రీడాకారులకు మినహాయింపులు ఉన్నాయి, కానీ ముందు స్కోర్లు, తర్వాత రైఫిల్ సంఘం సిఫార్సు, ఆ తర్వాతే తుపాకీ. 6.5కి, 6 బీఆర్‌కి (6 మి.మీ. చిన్న తూటా) ఆ సర్వీసు తూటా క్లాజు తగలదు. అలాగని అవి ఏ షాపులోనైనా దొరుకుతాయనుకోకండి. మన దగ్గర తూటాని బట్టి రైఫిల్ కొనుక్కోవాలి. ఏ రౌండ్లు ఏటా తెప్పించుకోగలవో ముందు తేలాలి. అది తేలకుండా బాలిస్టిక్స్ పట్టికలు (గుండు ఎటు పోతుందో చెప్పే లెక్కలు) చదవడం పెళ్లికూతురు కుదరకుండా కల్యాణ మండపం బేరమాడినట్టు ఉంటుంది.

సుబేదార్ గారికి జవాబుగా, మంగళగిరి_మేడమ్
ఇంతమందిలో అతను అడిగిన మొదటి మాట ఎవరూ పట్టించుకోలేదు. ముందు 300 మీటర్లు అన్నాడు. ఆ దూరంలో పదో రింగు 100 మి.మీ., అంటే ఒక చిన్న సాసర్. వెయ్యి గజాల గాలి లెక్కలతో అక్కడ పనేమిటి? అంతర్జాతీయంగా 300 మీటర్లలో చాలాకాలంగా రాజ్యమేలుతోంది 6 మి.మీ. బీఆర్ నార్మా. ముప్పై గ్రెయిన్ల పౌడర్‌తో 105 గ్రెయిన్ల గుండును పంపుతుంది. .308కి నలభై అయిదు దాకా పౌడర్ పోయాలి, గుండు కూడా బరువు. తేడా అంతా భుజం మీద పడుతుంది. ప్రోన్‌లో 60 గుండ్లు, పైన సైటర్లు (లెక్కలోకి రాని ట్రయల్ గుండ్లు). నలభై దాటాక ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూతలు పడటం, జబ్బ బిగుసుకోవడం మొదలవుతుంది. .22 నుంచి నేరుగా .308కి వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ. కోచ్ పక్కన కూర్చుని రహస్యంగా ఖాళీ కేసు పెట్టిస్తే అప్పుడు బయటపడుతుంది: గుండు లేదు, కానీ బ్యారెల్ ఉలిక్కిపడి కిందికి ఊగుతుంది.

రిటైర్డ్_సుబేదార్
ఆ ఖాళీ కేసు పరీక్ష మేమూ పెట్టేవాళ్లం. అది నిజమే అమ్మా. కానీ ఉలికిపాటు పోగొట్టాల్సింది సాధనతో, చిన్న తూటాతో కాదు.

మంగళగిరి_మేడమ్
రౌండ్లు దండిగా ఉంటే సాధనతోనే పోగొట్టొచ్చు సార్. యూనిట్‌లో మీకు రౌండ్లు ఇచ్చేవారు. ఇతను ప్రతి రౌండు డబ్బు పెట్టి కొనాలి.

రోహిణీకార్తె
ఒక్క విషయం కలుపుతాను, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. డల్లాస్ పట్టికని మక్కీకి మక్కీ ఇక్కడ వాడొద్దు. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. 44 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది, గుండుకి అడ్డు తగ్గుతుంది, అనుకున్నదానికంటే పైన పడుతుంది. పౌడర్ వేడెక్కితే వేగం, ఒత్తిడి కూడా పెరుగుతాయి. రౌండ్ల పెట్టె ఎండలో చాప మీద వదిలేసి, బోల్ట్ బిగుసుకుంటోందని రైఫిల్‌ని తిట్టేవాళ్లని చూశాను. కేసు తీసి వెనక్కి తిప్పి ప్రైమర్ (పిన్ను తగిలి నిప్పు రాజేసే బిళ్ల) చూడండి: అంచులు చదునైపోయి, పిన్ను గుంట చుట్టూ గట్టు లేచి ఉంటే ఒత్తిడి హద్దు దాటుతోందని అర్థం. వేడెక్కిన చాంబర్‌లో రౌండ్ పెట్టి గాలి తగ్గాలని ఎదురుచూస్తూ కూర్చోవడం కూడా అంతే, ఆ గుండు పైకి పోతుంది. పెట్టె నీడలో, తడిగుడ్డ పక్కన ఉంచండి. తడిగుడ్డ మీద కాదు.

బెంజ్‌సర్కిల్_బాచి
ఇవేవీ వద్దు. .22లోనే ఉండు తమ్ముడూ. 300 మీటర్ల పోటీ 1972 మ్యూనిక్ తర్వాత ఒలింపిక్స్‌లో లేదు. స్వప్నిల్ కుసాలే 2024లో పారిస్ నుంచి కాంస్యం తెచ్చింది 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి), .22తో. స్పాన్సర్లు, ఉద్యోగాలు అన్నీ ఆ వైపే. గాలి నేర్చుకోవాలా? ధ్వని కంటే నెమ్మదిగా పోయే ఆ బుల్లి గుండు కంటే మంచి గురువు లేదు.

పటమట_ప్రోన్
బాచి అన్నా, ఉద్యోగం కోసం కాదు, ఉద్యోగం ఉంది. మేడమ్ చెప్పింది, కామేశం గారు చెప్పింది కలిపి చూస్తే నాకు 6 బీఆర్ వైపే మొగ్గు కనిపిస్తోంది. వెయ్యి గజాల మాట తర్వాత చూద్దాం, మా అన్న తిడితే తిట్టనీ. సంఘం ఆఫీసులో సోమవారం అడుగుతాను, ఈ ఏడాది ఏ రౌండ్లకి ఇండెంట్ పెడుతున్నారో.

గాలిలెక్క (గుంటూరు)
6 బీఆర్ అయితే నాకు అభ్యంతరం లేదు. .308 మాత్రం కాదు, అంతే.

కాగితాల_కామేశం
సోమవారం వెళ్లేటప్పుడు స్కోర్ సర్టిఫికెట్లు ఒరిజినల్స్ పట్టుకెళ్లు. జిరాక్స్‌లు చూపిస్తే రేపు రమ్మంటారు.