నిర్వాణ, నిర్వానా, నిర్యాణం

పడమటిగాలి:
గ్రంజ్ సంగీతం (పంక్ ఛాయలున్న అమెరికా రాక్) వినేవాళ్లు ఈ గుంపులో ఎంతమంది ఉన్నారో గానీ, ప్రశ్న మాత్రం భాషదే. గాయకుడు కర్ట్ కోబేన్ బ్యాండు పేరును తెలుగులో ఎలా రాయాలి? నిర్వాణ అనా, నిర్వానా అనా? 2002లో వచ్చిన వాళ్ల హిట్స్ ఆల్బమ్ గురించి రాద్దామని కూర్చుంటే ఈ మాట దగ్గరే ఆగిపోయాను. ఆల్బమ్‌కి వేరే పేరు కూడా పెట్టలేదు. నల్లటి అట్ట, దాని మీద బ్యాండు పేరు, అంతే.

వాషింగ్టన్ రాష్ట్రంలో అబర్డీన్ అని కలప వ్యాపారం మీద బతికిన ఊరు ఉంది. 1987లో అక్కడ మొదలైన బ్యాండు ఇది. పంక్ బ్యాండ్లన్నీ కోపంగా, మొరటుగా ఉండే పేర్లు పెట్టుకుంటుంటే తనకు మాత్రం అందమైన పేరు కావాలనిపించిందని కోబేన్ చెప్పాడు. అందమైన పేరే పెట్టాడు, కానీ ఆ ఆల్బమ్ వింటుంటే పేరుకీ పాటకీ ఎక్కడా పొత్తు కుదరదు. చల్లారడం అన్నదే లేదు అందులో. దీని మీద మీరేమంటారు?

అచ్చుతప్పు:
మాట మనదే కదండీ, ణ ఎందుకు వదులుకోవాలి? 'నిర్' లోని రేఫ వల్లే నకారం ణకారమైంది. న రాస్తే వ్యాకరణాన్ని పక్కన పెట్టినట్టే.

పాతక్యాసెట్:
అమెరికా వాళ్ల నోట అది 'నర్వానా'. రేఫ ఉంది, ణ లేదు. మనిషి పేరైనా బ్యాండు పేరైనా సొంతదారు పలికినట్టే రాయాలన్నది నా పద్ధతి. బుద్ధుడికి నిర్వాణం, బ్యాండుకి నిర్వానా. గొడవ లేదు.

రేపల్లె మాస్టారు:
పడమటిగాలి గారూ, చల్లారడం అన్నారు కాబట్టి ఒక ముక్క. పాణిని సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో 8.2.50 సూత్రం 'నిర్వాణోऽవాతే'. 'వా' ధాతువుకి వీచడం అని అర్థం. నిప్పు ఆరితే నిర్వాణం, దీపం ఆరితే నిర్వాణం, భిక్షువు శాంతిస్తే నిర్వాణం. కానీ వీచే గాలే ఆగిపోతే ఆ రూపం పనికిరాదు, అప్పుడు 'నిర్వాతం' అనాలి. సూత్రంలో 'అవాతే' అన్నది అందుకే. మన ఇళ్లలో దీపం ఆరింది అనకుండా 'కొండెక్కింది' అంటాం చూడండి, నిర్వాణానికి నేనైతే ఆ తెలుగు మాటే చెబుతాను.

ఇంకో సంగతి. చాలామంది దీన్ని నిర్యాణంతో కలిపేస్తున్నారు. అది 'యా' ధాతువు, వెళ్లడం, బయలుదేరడం. తెలుగులో అది పెద్దవాళ్ల మరణానికే స్థిరపడిపోయింది. బుద్ధుడు బోధగయలో నిర్వాణం పొందాక ఎన్నో ఏళ్లు బతికాడు. కుశీనగరంలో జరిగింది పరినిర్వాణం. డిసెంబరు 6న అంబేద్కర్‌ని తలుచుకునేది మహాపరినిర్వాణ దినంగా. అక్కడ 'పరి' తీసేస్తే అర్థం మారిపోతుంది.

పడమటిగాలి:
మాస్టారూ, నా అసలు ఫిర్యాదుకి మీరే దారి వేశారు. ఈ ఆల్బమ్‌లో నిర్యాణాన్ని ముందు పెట్టి, బతుకును తర్వాత పెట్టారు. మొదటి పాట 'యూ నో యూ ఆర్ రైట్'. 1994 జనవరి 30న సియాటిల్ దగ్గర రికార్డు చేశారు. స్టూడియోలో బ్యాండు పూర్తి చేసిన చివరి పాట అదే. ఏప్రిల్ 5న, 27 ఏళ్లకే కోబేన్ ప్రాణం తీసుకున్నాడు. ఆ పాట వినగానే రెండో పాటకి 1989 నాటి మొదటి ఆల్బమ్‌కి వెళ్లిపోతాం. ఆ ఆల్బమ్ మొత్తానికి రికార్డింగ్ ఖర్చు 600 డాలర్లని దాని అట్ట మీదే అచ్చేశారు. ఆ కుర్రాడు హాయిగా, బీటిల్స్ ఛాయలతో ఒక అమ్మాయి మీద పాడుతుంటే, ముందు విన్న కేక చెవిలోంచి పోదు. ప్రతి పాటా సంతాప సభలో విన్నట్టే ఉంటుంది. ఈ వరస నాకు నచ్చలేదు. కాలక్రమంలో పెట్టి ఆ పాటను చివర ఉంచితే అతను మొదట మనిషిగా వినబడేవాడు.

పాతక్యాసెట్:
మరి అమ్మకం సంగతి? ఆ ఒక్క పాట కోసమే కోబేన్ భార్యకీ మిగతా ఇద్దరు సభ్యులకీ మధ్య కోర్టు గొడవ నడిచింది. 2002లో రాజీ పడ్డాకే పాట బయటికొచ్చింది. పాత ఆల్బమ్‌లన్నీ ఉన్న నాలాంటి వాళ్లం సీడీ కొన్నది దాని కోసమే. దాన్ని చివర దాచితే ఎలా? నా బాధ వేరే: 'డ్రెయిన్ యూ' లేకుండా హిట్స్ ఏంటండీ!

ద్రుతం:
ఈ బ్యాండు పాటల్లో చరణం మెల్లగా గొణిగినట్టుంటుంది, పల్లవికి వచ్చేసరికి గిటార్లు విరుచుకుపడతాయి. మనకు సరళాదేశ సంధి ఉంది, వీళ్లది పరుషాదేశ సంధి :)

రేపల్లె మాస్టారు:
మీ అందరి మాటా విని ఆ మొదటి పాట విన్నాను. ఇంగ్లీషు నాకు సగమే అందింది. నొప్పి అన్న ఒక్క మాటను పల్లవిలో ఎంతసేపు లాగాడండీ! హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ప్లుతం మూడు అని పిల్లలకి చెబుతాం. ప్లుతం ఎక్కడొస్తుందంటే 'దూరాహ్వానే చ గానే చ రోదనే చ' అని పాత శ్లోకం: దూరంగా ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు, పాడేటప్పుడు, ఏడ్చేటప్పుడు. ఈ అబ్బాయి మూడూ ఒకేసారి చేస్తున్నాడు. దూరం నుంచి పిలిచేటప్పుడు ప్లుతం వస్తుందని చెప్పే పాణిని సూత్రం 'దూరాద్ధూతే చ', 8.2.84. ఇందాకటి నిర్వాణ సూత్రం ఉన్న పాదంలోనే, ముప్పై నాలుగు సూత్రాల తర్వాత.

పడమటిగాలి:
మాస్టారూ, దండాలు. పేరుకీ పాటకీ పొత్తు లేదన్న నా మాట ఇక నిలబడేలా లేదు.

అచ్చుతప్పు:
ఇంతకీ ఏ స్పెల్లింగ్ ఖాయం?

పడమటిగాలి:
బ్యాండుకి నిర్వానా. ణ మాస్టారి సూత్రానికే వదిలేస్తున్నా. ఇప్పుడు బేస్ వాయించే క్రిస్ట్ పేరు దగ్గర ఆగాను. నోవోసెలిక్ అనా, నోవోసెలిచ్ అనా?

పాతక్యాసెట్:
వాళ్లది క్రొయేషియా నుంచి వచ్చిన కుటుంబం. చివర చ్. దీనికి పాణిని అక్కర్లేదు లెండి.